కౌశిక.. నదా? మురుగు కాలువా?

కనుమ రోజు మధ్యాహ్నం. గంగలకుర్రు అగ్రహారం నుంచి వీరేశ్వరుడి ప్రభ కదిలింది. వెదురుబద్దలు, రంగు బట్టలు, ఉన్ని కుచ్చులు, గంటలు.. అంతెత్తు ప్రభను పదులమంది భుజాన వేసుకుని పరుగులాంటి నడకతో వస్తారు. దారిలో పచ్చటి వరిచేను అడ్డొస్తుంది. తొక్కుకుంటూ వెళ్లిపోతారు. చేనుగలాయన కోప్పడడు సరికదా, దేవుడు తన పొలంలోంచి నడిచాడని మురిసిపోతాడు. ఆ తర్వాత నీళ్లు అడ్డొస్తాయి. 'అశ్శరభ.. శరభ' అంటూ గుండెల్లోతు నీళ్లలోకి దిగిపోతారు. ప్రభ ఒక పక్కకు ఒరిగిందంటే గట్లమీద నిల్చున్న వేలమంది ఊపిరి బిగబడుతుంది. ఒడ్డెక్కిందా.. కేరింతలే కేరింతలు! అక్కణ్నుంచి జగ్గన్నతోట రెండడుగులు. మొసలపల్లి శివారు కొబ్బరితోటలో పదకొండు ఊళ్ల శివుళ్లు ఒకచోట కూర్చుంటారు. 2023 రిపబ్లిక్ డే నాడు ఢిల్లీ కర్తవ్యపథ్‌లో మన రాష్ట్రం శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే.

ఆ ఒక్కరోజూ టీవీలవాళ్లు ఆ నీళ్లను 'కౌశిక నది' అంటారు. మిగతా 364 రోజులూ జలవనరుల శాఖ కాగితాల్లో దాని పేరు 'అప్పర్ కౌశిక డ్రెయిన్'. డ్రెయిన్ అంటే తెలిసిందేగా.. మురుగు కాలువ!

కౌశికుడంటే విశ్వామిత్రుడు. ధవళేశ్వరం దాటాక గోదావరి ఏడు పాయలై ఏడుగురు ఋషుల పేర్లతో సముద్రంలో కలిసిందని మన పెద్దల నమ్మకం. గౌతమి, వశిష్ఠ ఇప్పటికీ నిండు నదులే. ఆ మహర్షుల లెక్కలో లేకపోయినా వశిష్ఠలోంచి చీలిన వైనతేయ కూడా నిండుగానే ఉంది. మిగతావాటి సంగతి? గౌతమికి అవతల రామచంద్రపురం వైపు వెళ్లి తుల్యభాగ ఎక్కడని అడిగితే 'తుల్యభాగ డ్రెయిన్' చూపిస్తారు. ఇవతల అంబాజీపేట, అమలాపురం వైపు కౌశిక. అదీ డ్రెయినే. ఋషుల పేర్లు మురుగు కాలువలకు మిగిలాయి.

ఇది ఒక్క కౌశిక కథే అయితే పాతపేరు పోయిందని ఒక నిట్టూర్పు విడిచి ఊరుకోవచ్చు. కానీ ఈ డ్రెయిన్లు బాగుంటేనే కోనసీమలో వరి పండుతుంది, కొబ్బరిచెట్టు నిలబడుతుంది, చెరువులో నీళ్లు నోట్లో పోసుకునేలా ఉంటాయి. అవి బాగాలేకపోతే ఏమవుతుందో కొత్తపేట నుంచి రాజోలు దాకా నీటి వెంట నడిస్తే కళ్లకు కడుతుంది.

లొల్ల లాకుల దగ్గర..

గౌతమికీ వశిష్ఠకూ మధ్య మూడుమూలల నేల కోనసీమ. మూడో వైపు బంగాళాఖాతం. చుట్టూ నీళ్లే. అయినా ఒకప్పుడు ఇక్కడా ఆకలిచావులున్నాయి. 1832-33 నాటి నందన కరువు గోదావరి జిల్లాలను ఊడ్చేసింది. పక్కనే అంత నది పారుతున్నా పొలానికి చుక్క ఎక్కదు. వరదొస్తే మాత్రం ఊరు మునుగుతుంది. ఆ లెక్కను మార్చింది కాటన్ దొర. 1847లో మొదలుపెట్టి 1852కల్లా ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు. కోనసీమ ఊళ్లలో ఆయన విగ్రహం లేని కూడలి కోసం వెతుక్కోవాల్సిందే.

ఆనకట్ట దగ్గర బొబ్బర్లంకలో మధ్య డెల్టా ప్రధాన కాలువ మొదలవుతుంది. పూతరేకుల ఆత్రేయపురం దాటి కాస్త దూరం వస్తే లొల్ల. సినిమాలు చూసేవాళ్లకు ఈ ఊరు పేరు తెలియకపోయినా లాకులు తెలుసు. పాటో, ఫైటో, హీరోయిన్ సైకిలు సీనో ఏదో ఒకటి అక్కడ తీసే ఉంటారు. కాలువ పాయలుగా చీలేది ఇక్కడే. ఒకప్పుడు పడవలు ఈ లాకుల్లోంచి మెట్లు దిగినట్టు దిగి అమలాపురం దాకా వెళ్లేవి. వైనతేయ మీద నలభైతొమ్మిది ఖానాల గన్నవరం అక్విడెక్టు కూడా ఆ కాలం నాటిదే. కింద నది, పైన కాలువ! ఆ ముసలి వంతెన పక్కనే ఈ కాలంలో కట్టిన కొత్త అక్విడెక్టుకు అన్నదాత డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. అడిగినవాళ్లకు లేదనకుండా అన్నం పెట్టిన ఆ తల్లి (1841-1909) ఊరు ఆ పక్కనే.

లొల్ల దగ్గర నిల్చుని చూస్తే కోనసీమ నీటి వ్యవస్థ సగం అర్థమవుతుంది. సగమే! ఎందుకంటే ఇక్కడ ప్రతి ఎకరానికీ రెండు కాలువలుంటాయి. మెరక మీద నడిచేది పంట కాలువ. పొలానికి నీళ్లిస్తుంది. పల్లంలో నడిచేది మురుగు కాలువ. పొలం వాడుకుని వదిలేసిన నీటినీ, వాననీటినీ సముద్రానికి మోసుకెళ్తుంది. ఒంట్లో ధమనులూ సిరలూ ఉన్నట్టన్నమాట. కాటన్ దొరకు దండలు వేసేవాళ్లలో చాలామందికి మొదటి కాలువే గుర్తుంటుంది. రెండోదాన్ని తలుచుకునేది మునిగినప్పుడే.

కౌశికలాంటి పాత పాయలు ఈ రెండో జాబితాలోకి చేరాయి. ఏటిగట్లు లేచాక, పంట కాలువలొచ్చాక వాటికి గోదావరితో బంధం తెగింది. వరదకు ఒండ్రు మోసుకొచ్చే పని పోయింది. సహజంగానే పల్లంలో ఉన్నాయి కాబట్టి చేల నీళ్లన్నీ వాటిలోకే చేరాయి. నది డ్రెయిన్ అయింది. అది తప్పని చెప్పలేం. ఆ పల్లం లేకపోతే నీళ్లు ఎటు పోతాయి? కానీ పేరు మారిన తర్వాత చూపు కూడా మారింది. నదిలో చెత్త వేయడానికి జంకే చెయ్యి డ్రెయిన్‌లో వేయడానికి ఎందుకు జంకుతుంది!

కొత్తపేట, రావులపాలెం ప్రాంతం ఎగువన ఉంది కాబట్టి మురుగు బాధ కాస్త తక్కువ. ఇక్కడి సమస్య వేరు. గౌతమి, వశిష్ఠ ఒడ్డున ఇసుక ర్యాంపులు. లారీలు, ట్రాక్టర్లు, కొన్నేళ్లుగా పొక్లెయినర్లు కూడా. ఇసుకను లోతుగా తోడేస్తే ఏరు ఆ లోతు పూడ్చుకోవడానికి లంకల ఒడ్డును కోసుకుంటుంది. లంకపొలాల రైతులు అరటి, కంద, కూరగాయలు పండించే నేల ముక్కలు ముక్కలుగా ఏట్లో కలుస్తుంటుంది. పట్టా చేతిలోనే ఉంటుంది, పొలమే ఉండదు.

ఎర్రవంతెన, నల్లవంతెన.. రంగు మారిన నీళ్లు

అమలాపురం. కోనసీమకు రాజధానిలాంటి ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చాక నిజంగానే జిల్లా కేంద్రమైంది. పంట కాలువను ఆనుకునే పెరిగింది పట్నం. ఎర్రవంతెన, నల్లవంతెన అని పేటలకు పేర్లు వచ్చింది కూడా కాలువ మీది వంతెనల వల్లే. పాతతరం వాళ్లు ఈ కాలువలో ఈతలు కొట్టారు. బిందెలు ముంచుకుని ఇంటికి తీసుకెళ్లారు. ఇప్పుడు మున్సిపాలిటీ కుళాయి ఉంది, ఇంటింటికీ టిన్ను నీళ్లు వస్తున్నాయి. కాలువతో అవసరం తీరింది. అవసరం తీరినవాళ్లతో మనుషులు ఎలా ఉంటారో కాలువతోనూ అలాగే ఉంటున్నారు. కోడి వ్యర్థాలు, కొబ్బరిబొండాల డొక్కలు, పెళ్లి విస్తర్లు, పాలిథిన్ సంచులు, పండగ మర్నాడు దేవుడి పూలు సైతం కాలువ గట్టుకే. మరుగుదొడ్ల గొట్టాలు కూడా నేరుగా నీళ్లలోకి తెరుచుకునే చోట్లున్నాయి.

అమలాపురం ఒక్కటే ఎందుకు? ధవళేశ్వరానికి పైనే ఉన్న రాజమహేంద్రవరం మురుగు కూడా గోదాట్లోకే చేరుతుంది. ఆ నీళ్లే ఆనకట్ట దగ్గర కాలువల్లోకి మళ్లుతాయి. పైఊరి మురుగు కిందిఊరి మంచినీళ్లు! ఇదేమీ గోదావరికి ప్రత్యేకం కాదు. లండన్‌లో థేమ్స్ నదిని కూడా 1957లో జీవం లేని నది అన్నారు. మురుగు శుద్ధి మీద దశాబ్దాలపాటు డబ్బు పోస్తే మళ్లీ చేపలొచ్చాయి.

పట్నంలో కుళాయి ఉంది. మరి పల్లెల్లో? కోనసీమలో బోరు వేస్తే చాలాచోట్ల పడేది ఉప్పునీరు. సముద్రానికి దగ్గరయ్యేకొద్దీ మరీను. అందుకే ఊరూరా మంచినీటి చెరువు. ఏటా వేసవిలో, సాధారణంగా ఏప్రిల్ మధ్యలో, మరమ్మతులకని కాలువలు కట్టేస్తారు. దానికి ముందే పంట కాలువ నీళ్లతో చెరువు నింపుకోవాలి. జూన్‌లో కాలువ వచ్చేదాకా ఆ నీళ్లే ఊరికి దిక్కు. కాలువలో ఏం కలిస్తే అదే చెరువులోకి, అక్కణ్నుంచి ఫిల్టర్‌బెడ్డు మీదుగా బిందెలోకి. అమలాపురం వంతెన మీంచి విసిరిన సంచి ఏ అల్లవరం చెరువు తూము దగ్గరో తేలితే ఆశ్చర్యమేముంది?

పట్నం దాటాక డ్రెయిన్ల వైపు చూస్తే నీళ్లు కనిపించవు. ఆకుపచ్చటి తివాచీ! లేతనీలం పూలతో ఎంతో అందంగా ఉంటుంది. అదే గుర్రపుడెక్క. దక్షిణ అమెరికా నుంచి పూలమొక్కగా మన దేశానికొచ్చిన ఈ మొక్క అనుకూలిస్తే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఎరువుల నీళ్లు, మరుగుదొడ్ల నీళ్లు, చేపల చెరువుల నీళ్లు ఉన్నచోట దానికి పండగే. అంటే గుర్రపుడెక్క రోగం కాదు, రోగానికి గుర్తు. నీళ్లపైన ఎండ పడనివ్వదు. కింద ప్రాణవాయువు తగ్గిపోతుంది. చేపలు ఊపిరాడక పోతాయి. బొమ్మిడాయిలు, ఇంగిలాయిలు, మట్టగిడసలు ఒకప్పుడు ఏ కోడులో వల వేసినా పడేవని పాతవాళ్లు చెబుతారు. ఇప్పుడు బొమ్మిడాయిల పులుసు అంటే బేరమాడి కొనుక్కోవాల్సిన వస్తువు. పులస సంగతి సరేసరి. సముద్రం నుంచి ఎర్రనీటికి ఎదురీది వచ్చే ఆ చేపకు ధవళేశ్వరం బ్యారేజీయే గోడ. పైకెళ్లి గుడ్లు పెట్టే దారి లేదు. కింద మిగిలిన కాస్త ఏట్లోనూ వలలు వందలకు వందలు. పుస్తెలమ్మినా ఒక్క పులస రాని రోజులొచ్చాయి.

గుర్రపుడెక్క అడ్డుపడితే నీళ్లు కదలవు. కోనసీమ నేల అరచెయ్యంత చదును. వాలు లేని చోట నీరు అసలే బద్ధకంగా కదులుతుంది. దానికి అడుగడుగునా తూటికాడ, గుర్రపుడెక్క, వంతెన కింద పేరుకున్న చెత్త, గట్టును లోపలికి జరిపి కట్టుకున్న షెడ్డు! ఎగువన రెండురోజులు వాన కొడితే దిగువన వారం రోజులు చేను మునిగే ఉంటుంది. వరి నీటిమొక్కే అయినా నాట్లేసిన పదిరోజులకు మునిగితే కుళ్లుతుంది, కంకిమీద మునిగితే మొలకెత్తుతుంది.

ఈ బాధ కొత్తదేం కాదు. 1960ల మధ్యలోనే డెల్టాల మురుగు మీద మిత్ర కమిటీ కూర్చుంది. డ్రెయిన్లు వెడల్పు చేయాలంది. 1968లో కృష్ణా, గోదావరి డెల్టా రైతుల మీద డ్రైనేజీ సెస్సు వేస్తూ చట్టమే చేశారు. అంటే మురుగు పోవడానికి డబ్బు కట్టాల్సింది కూడా రైతే. ఆ తర్వాత 'డెల్టా ఆధునికీకరణ' అన్నారు. శంకుస్థాపనలు జరిగాయి. కొన్ని కాలువలకు సిమెంటు గోడలొచ్చాయి. డ్రెయిన్ల వంతు వచ్చేసరికి పని నత్తనడక. ఫొటోలో అందంగా పడేది పంట కాలువేగా!

విసిగిపోయిన కోనసీమ రైతు 2011 తొలకరిలో దేశమంతా ఇటు తిరిగి చూసే పనిచేశాడు. సార్వా వెయ్యనన్నాడు. క్రాప్ హాలిడే! పరిశ్రమలు మూతపడటం విన్నాంగానీ పొలం మూతపడటం అదే వినడం. ఆ ఏడు వేలాది ఎకరాలు బీడు పడ్డాయి. ధాన్యానికి ధర లేదు, కూలి పెరిగింది, ఎరువు పెరిగింది.. ఇవన్నీ అందరు రైతులూ చెప్పేవే. వాటికి తోడు కోనసీమ రైతు చెప్పిన మాట.. 'పండించినా మునిగిపోతుంది'. ప్రభుత్వం మాజీ ప్రధాన కార్యదర్శి మోహన్ కందా అధ్యక్షతన కమిటీ వేసింది. మళ్లీ 2022 తొలకరిలో కొన్ని మండలాల్లో అదే మాట, అదే నినాదం. పదకొండేళ్లలో డ్రెయిన్ ఎంత బాగుపడిందో చెప్పడానికి వేరే లెక్కలక్కర్లేదు.

రొయ్య తెచ్చిన ఉప్పు

మరి పండని పొలాన్ని ఏం చేయాలి? ఎవరో వస్తారు. రొయ్యల చెరువుకు లీజుకిమ్మంటారు. ఎకరానికి ఇస్తామన్న డబ్బు రెండు పంటల వరి మీద ఎన్నడూ చూడనిది. ఉప్పలగుప్తం, కాట్రేనికోన, అల్లవరం, మలికిపురం, సఖినేటిపల్లి.. సముద్రపు అంచు మండలాల్లో ఎటు చూసినా చెరువులూ, వాటిలో గిరగిరా తిరిగే ఏరేటర్లూ.

రొయ్యను తిట్టి లాభం లేదు. ఈ ప్రాంతంలో బ్యాంకు అప్పు తీర్చుకున్నవాళ్లూ, పిల్లల్ని ఇంజినీరింగు చదివించుకున్నవాళ్లూ ఎంతోమంది ఉన్నారు దానివల్ల. వైరస్ తగిలి చెరువుతోపాటు ఇల్లు కూడా పోగొట్టుకున్నవాళ్లూ ఉన్నారు. 1990ల మొదట్లో టైగర్ రొయ్య, తెల్లమచ్చ రోగంతో అది పడిపోయాక 2009 నుంచి వనామీ. ఇబ్బంది ఎక్కడంటే.. రొయ్యకు ఉప్పు కలిసిన నీరు కావాలి. దాన్ని కోడుల నుంచో, బోరు నుంచో తోడుతారు. పట్టుబడి అయ్యాక మేత కుళ్లు, మందులు కలిసిన ఆ నీటిని వదిలేది ఎక్కడికి? డ్రెయిన్‌లోకే. పక్కవాడి వరిచేలోకి గట్టు అడుగునుంచి ఉప్పు ఊరుతుంది. వాడు రెండేళ్లు పోరాడి మూడో ఏడు తనూ చెరువు తవ్విస్తాడు. చిరాకుతో కొందరు, ఆశతో కొందరు.

1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు తీరంలో సాగుభూముల్ని రొయ్యల చెరువులుగా మార్చొద్దని గట్టి తీర్పిచ్చింది. 2005లో పార్లమెంటు చట్టం చేసి తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీని పెట్టింది. అనుమతి ఉన్న చెరువులు, లేని చెరువులు.. గట్టుమీద నిల్చుని చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి.

తల లేని చెట్లు

రాజోలు దాటి మలికిపురం వైపు వెళ్తుంటే రోడ్డుకు రెండుపక్కలా కొబ్బరితోటలే. గొడుగు పట్టినట్టు నీడ. ఆ నీడలో కోకో, అరటి, మిరియం పాదులు. కోనసీమ వాళ్లకు కొబ్బరిచెట్టంటే ఇంటి పెద్దకొడుకు. దింపు తీసిన రోజు చేతిలో డబ్బాడుతుంది. కాయ, పీచు, ఆకు, మట్ట, చివరికి మొద్దు.. ఏదీ వృథా కాదు. కూతురి పెళ్లికి ఎన్ని చెట్లు రాసిచ్చారో చెప్పుకునే ఊళ్లివి.

ఆ నీడ కేశనపల్లి, శంకరగుప్తం పరిసరాలకొచ్చేసరికి హఠాత్తుగా తెగిపోతుంది. ఆకాశం బోసిగా ఉంటుంది. వరసలు వరసలుగా మొండి మొద్దులు. తలలు రాలిపోయిన కొబ్బరిచెట్లు! తుపానొచ్చి విరిచేసినట్టుంటుంది. కానీ తుపాను రాలేదు. 1996 నవంబరు 6 నాటి తుపానులో కోనసీమ కొబ్బరి నేలకొరిగింది నిజమే. అప్పుడు చెట్లు కూలిపోయాయి. ఇప్పుడు నిలబడే చచ్చిపోతున్నాయి.

కారణం పక్కనే ఉంది. శంకరగుప్తం మేజర్ డ్రెయిన్. తీరం వెంబడి ఊళ్ల మురుగును సముద్రానికి చేర్చాల్సిన కాలువ. డ్రెయిన్ సముద్రంలో కలిసే చోటును ఇక్కడ మొగ అంటారు. సముద్రానికి రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు. పాటు సమయంలో మురుగు బయటికి పోవాలి. పోటు సమయంలో సముద్రం లోపలికి రాకుండా గట్లు, తలుపులు ఆపాలి. లెక్క అంతే. ఆ లెక్క తప్పింది. గట్లు బలహీనపడి, డ్రెయిన్ పూడి, అమావాస్య పౌర్ణమి పోట్లకు ఉప్పునీరు ఎగదన్ని తోటల్లో నిలబడిపోయింది.

కొబ్బరి సముద్రపు గాలిని ఇష్టపడే చెట్టే. కాస్త ఉప్పును తట్టుకుంటుంది కూడా. తట్టుకోలేనిది నిలవనీరు. ఉప్పునీరు వేళ్ల చుట్టూ నెలల తరబడి నిలబడితే వేరుకు గాలాడదు. మట్టలు పసుపుతిరుగుతాయి. పిందె రాలుతుంది. కాయ చిన్నదవుతుంది. చివరికి మొవ్వు ఎండి తల ఊడిపడుతుంది. వరైతే ఒక పంట పోతుంది, మళ్లీ వేసుకోవచ్చు. కొబ్బరి నాటిన ఐదారేళ్లకుగానీ కాపుకు రాదు. తాత నాటితే మనవడు దింపు తీసే చెట్టది. పోయింది ఒక్క ఏడాది ఆదాయం కాదు, ఒక తరం కూడబెట్టుకున్న ఆస్తి.

2025 నవంబరు చివర్లో ఉప ముఖ్యమంత్రి పవన్ కల్యాణ్ కేశనపల్లి వచ్చి ఈ తోటల్ని చూశారు. ఆ రోజు ఆయన అన్న మాటల్లో 'దిష్టి' అన్న ఒక్క మాట పట్టుకుని రెండు రాష్ట్రాల్లో నాయకులు వారం రోజులు కొట్లాడుకున్నారు. టీవీల్లో చర్చలన్నీ దిష్టి మీదే. డ్రెయిన్ మీద మాట్లాడినవాళ్లు తక్కువ.

నిజానికి చర్చ జరగాల్సింది అక్కడే. ఎందుకంటే ఇది అనుకున్నంత తేలిక చిక్కు కాదు. డ్రెయిన్ తవ్వకపోతే మురుగు బయటికి పోదు, చేలు మునుగుతాయి. ఊరికే లోతుగా తవ్వి వదిలేస్తే పోటునీరు ఇంకా లోపలికి వస్తుంది, తోటలు పోతాయి. ఎగువ రైతు మొగ తెరవమంటాడు. దిగువ రైతు మొగ దగ్గర తలుపు పెట్టమంటాడు. ఇద్దరిదీ న్యాయమే. తవ్వకం, గట్టు, తలుపు మూడూ ఒకేసారి జరగాలి. జరిగాక ఆ తలుపును పోటుకు వేసి పాటుకు తీసే మనిషి ఉండాలి. పాత స్లూయిజుల దగ్గర తుప్పుపట్టి పైకీ కిందకీ కదలని తలుపులు కనిపిస్తాయి. ఒకప్పుడు వాటిని కనిపెట్టుకుని ఉండే లస్కర్లు ఉద్యోగ విరమణ చేశారు. ఖాళీలు అలాగే ఉన్నాయి. కోట్ల రూపాయల పనికి టెండరు పిలవడం కుదురుతుందిగానీ, తలుపు తిప్పే మనిషికి జీతమివ్వడం ఎందుకో కుదరదు.

గోదావరి వరదల్లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. అప్పుడు నది మట్టం డ్రెయిన్ కంటే ఎత్తున ఉంటుంది. ఏటిగట్టు తలుపులు మూస్తే లోపలి వాననీరు పోదు, మూయకపోతే నది లోపలికి వస్తుంది.

నేలే తగ్గిపోతుంటే..

ఉప్పునీరు ఇంత లోపలికి రావడానికి డ్రెయిన్ ఒక్కటే కారణమా? తీరంలో ఎవర్ని కదిపినా వేలు చమురు, గ్యాసు బావుల వైపు చూపిస్తారు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి నిప్పంటుకుని రెండు నెలలకు పైగా మండిన సంగతి ఇక్కడ మరిచిపోయినవాళ్లు లేరు. నేలలోంచి తోడేస్తున్నారు కాబట్టి నేల కుంగుతోందన్నది ఊళ్లలో బలమైన అనుమానం.

అనుమానం అక్కర్లేని సంగతి ఇంకోటుంది. కోనసీమ అంటేనే గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు నడిచి, దక్కన్ మట్టినంతా మోసుకొచ్చి సముద్రాన్ని వెనక్కి నెట్టి కట్టిన నేల ఇది. ఆ పోత ఆగకూడదు. ఆగితే సముద్రం బాకీ వసూలు చేసుకుంటుంది. దారిపొడవునా కట్టిన ఆనకట్టల వెనక మట్టి ఆగిపోతోంది. ఆంధ్రా విశ్వవిద్యాలయం ఆచార్యులు హేమమాలిని, కాకాని నాగేశ్వరరావు 2004లో 'కరెంట్ సైన్స్' పత్రికలో ఈ లెక్క చెప్పారు. 1971-79 మధ్య గోదావరి ఏటా సగటున మోసిన ఒండ్రు 15 కోట్ల టన్నులు. 1990-98 నాటికి అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. 1976-2001 మధ్య డెల్టా ముందుభాగంలో నికరంగా కోల్పోయిన నేల 1,836 హెక్టార్లు. అంటే నాలుగున్నర వేల ఎకరాల పైచిలుకు. ఈజిప్టులో ఆస్వాన్ డ్యామ్ కట్టాక నైలు డెల్టాకూ, ఆనకట్టల తర్వాత అమెరికాలో మిసిసిపి డెల్టాకూ పట్టిన గతే ఇది.

ఆనకట్టలు వద్దనగలమా? లొల్ల లాకుల్లో నీళ్లు పారేది ఆనకట్ట వల్లే. మహారాష్ట్రలో పైఠాన్ దగ్గరా, తెలంగాణలో పోచంపాడు దగ్గరా రైతు బతికేది ఆనకట్ట వల్లే. కానీ పైన ఎవరి లెక్కలోనూ 'కోనసీమకు పోవాల్సిన మట్టి' అనే పద్దు లేదు. నీటి వాటా గురించి ట్రైబ్యునల్ ఉంది. ఒండ్రు వాటా గురించి అడిగేవాళ్లు లేరు.

అంతర్వేదిలో వశిష్ఠ సముద్రంలో కలిసేచోటును అన్నాచెల్లెళ్ల గట్టు అంటారు. పాటు సమయంలో చూస్తే నదినీరూ సముద్రపు నీరూ రెండు రంగుల్లో విడివిడిగా గీత గీసినట్టు కనిపిస్తాయి. లక్ష్మీనరసింహుడి దర్శనానికొచ్చిన వాళ్లందరూ పడవెక్కి అది చూసి వెళ్తారు. ఆ తీరంలో ఏళ్లుగా ముందుకొస్తున్న కెరటాలకు సరుగుడు తోటలు, ఇళ్లు, రోడ్డు ముక్కలు పోయాయి. ఏరు తెచ్చే మట్టి తగ్గినప్పుడు అలకు ఎదురు నిలిచేది రాళ్ల గోడ ఒక్కటే. ఒకచోట గోడ కడితే అల పక్క ఊరిమీద పడుతుంది.

తవ్వుకునే ఊళ్లు

అంతా దిగులేనా అంటే.. కాదు. డ్రెయిన్ కోసం ఎదురుచూసి విసిగి, చందాలేసుకుని గుర్రపుడెక్క తీయించుకున్న ఊళ్లు కోనసీమలో కనిపిస్తాయి. ఎకరానికింత అని వసూలు చేసి, పొక్లెయినరు అద్దెకు తెచ్చి, రాత్రుళ్లు గట్టుమీదే ఉండి పని చేయించుకుంటారు. రెండు నెలలకు గుర్రపుడెక్క మళ్లీ రావచ్చు. ఆ సార్వా గట్టెక్కితే చాలన్నది వాళ్ల లెక్క. అంబాజీపేట కొబ్బరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు ముంపు తోటల్లో నీరు బయటికి పోయేలా వరసల మధ్య బోదెలు తీసుకోమంటారు. అలా తీసుకున్న తోటలు పక్క తోటలకంటే కాస్త పచ్చగా కనిపిస్తాయి. బోదెలోని నీరు చేరాల్సింది మళ్లీ ఆ డ్రెయిన్‌లోకే అనుకోండి!

డ్రెయిన్లలో పని చేయడానికి ఏడాదిలో దొరికేది నెలన్నర. ఏప్రిల్ మధ్యలో కాలువలు కట్టినప్పటి నుంచి జూన్ మొదట్లో వదిలేదాకా. టెండరు పిలవాలి, ఖరారు కావాలి, యంత్రం దిగాలి. మే మూడోవారంలో పని మొదలైతే నైరుతి వచ్చి పడుతుంది. సగం తవ్విన మట్టి గట్టుమీదే ఉంటుంది. మొదటి వానకు మళ్లీ డ్రెయిన్‌లోకే జారుతుంది. ఆ తవ్వకానికీ బిల్లు అవుతుంది.

ఈలోగా కేశనపల్లి వైపు రైతులు తల రాలిన చెట్లను కొట్టించి మొద్దులమ్ముకుంటున్నారు. కొట్టేసిన చోట కొత్త మొక్క పెట్టాలా, ఇంకో ఏడు ఆగాలా అన్నది వాళ్లు ఇంకా తేల్చుకోలేదు. మొక్క పెడితే అది తట్టుకోవాల్సిన మొదటి పెద్ద పోటు ఆషాఢ పౌర్ణమి నాటిది.